తెరచాప బోర్డు మీద మహాసముద్రం దాటొచ్చా?

(ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది సరుకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేసి, రిటైరయ్యాక సైనిక్‌పురిలో స్థిరపడిన పెద్దమనిషి.)

పోయిన నెల ఓడల గురించి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ మధ్యలో ఒక్క మాట రాశాను. రాఫయేలా ల గువెల్లో అనే ఫ్రెంచి ఆవిడ 2003లో విండ్‌సర్ఫింగ్ బోర్డు మీద దక్షిణ అమెరికాలోని పెరూ నుంచి తాహితీ దీవి దాకా పసిఫిక్ మహాసముద్రం దాటారని. ఓడల సంగతి ఎవరికీ పట్టలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ బోర్డు గురించే. అందుకని ఈసారి మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు.

ప్రశ్న: విండ్‌సర్ఫింగ్ అంటే పలక మీద నిలబడి, తెరచాపను రెండు చేతులతో పట్టుకుని నడపడం. చెయ్యి వదిలితే చాప నీళ్లలో పడుతుంది. అలాంటిది 89 రోజులు, దాదాపు 8 వేల కిలోమీటర్లు అంటున్నారు. భాగిస్తే రోజుకు 90 వస్తుంది. నిద్రపోకుండా మనిషి బతకడు. నిద్రపోతే బోర్డు నడవదు. మరి 90 ఎక్కణ్నుంచి వచ్చింది?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, తార్నాక

జవాబు: మాస్టారూ, మీ భాగహారంలో తప్పులేదు. మీరు ఊహించుకుంటున్న బోర్డే వేరు. బీచుల్లో గంటకింతని అద్దెకిచ్చేది రెండున్నర, మూడు మీటర్లుంటుంది. దాని మీద నీళ్ల సీసా పెట్టుకోవడానికి కూడా చోటుండదు. ల గువెల్లో బోర్డు ప్రత్యేకంగా కట్టించినది. పొడవు 7.8 మీటర్లు, వెడల్పు 1.3. పైనుంచి చూస్తే బోర్డే. నిలబడే చోటు, మాస్టు (చాపను నిలబెట్టే స్తంభం), పట్టుకోవడానికి బూమ్ (చాపకు అడ్డంగా ఉండే కడ్డీ), తెరచాప అన్నీ మామూలే. లోపల మాత్రం డొల్ల. ఆ డొల్లలో ఒక మనిషి పడుకునేంత గది. స్లీపర్ క్లాసులో సైడ్ అప్పర్ బెర్తు ఉంటుంది చూడండి, దానికి పైన మూత బిగించినట్టు. తిండి, మందులు, ఫోను, బ్యాటరీలు, బట్టలు, చార్టులు అన్నీ అందులోనే, మనిషి కాళ్ల దగ్గరా తల దగ్గరా.

పగలు ఏడెనిమిది గంటలు నిలబడి నడపగలిగితే అదే గొప్ప. సాయంత్రమయ్యేసరికి చాప దించి, మాస్టుతో సహా చుట్టి, పైన కట్టేసి లోపలికి దూరాలి. గాలి మరీ ఎక్కువైతే తాడు చివర గుడ్డ సంచీ లాంటి లంగరు ఒకటి నీళ్లలోకి వదులుతారు. అది అడుగుకు తగిలేది కాదు. అక్కడ లోతు కిలోమీటర్లలో ఉంటుంది. ఆ సంచీ నీళ్లను పట్టుకుని బోర్డు ముక్కును అలలకు ఎదురుగా నిలుపుతుంది, కొట్టుకుపోయే వేగం తగ్గిస్తుంది. గాలి అనుకూలంగా ఉందనుకోండి, కొట్టుకుపోవడం కూడా లాభమే. ఆవిడ లోపల పడుకుని ఉండగానే బోర్డు తాహితీ వైపు జరుగుతూ ఉంటుంది.

నమ్మకం కలగకపోతే ఇంకో లెక్క చూడండి. 1947లో థోర్ హెయర్‌డాల్ అనే నార్వే ఆయన, మరో ఐదుగురు బాల్సా దుంగలు కట్టిన తెప్ప ఎక్కి పెరూలోని కయావ్ రేవు నుంచి బయలుదేరారు. కాన్-టికీ అని ఆ తెప్ప పేరు. దానికి చతురస్రపు చాప ఒకటి ఉంది కానీ గాలికి ఎదురు వెళ్లే శక్తి లేదు. గాలీ ప్రవాహమూ ఎటు తోస్తే అటే. 101 రోజుల్లో సుమారు 7 వేల కిలోమీటర్లు వెళ్లి తువామొటు దీవుల్లో పగడపు దిబ్బకు కొట్టుకుంది. అంటే రోజుకు దాదాపు 70, రాత్రింబగళ్లు కలిపి. ఆ దారి అలాంటిది. ల గువెల్లో వెళ్లింది కూడా దాదాపు ఆ దారే. కాబట్టి మీ 90లో గాలి వాటా, నీటి వాటా ముందు తీసేయండి. మిగిలింది ఆవిడ కష్టం.

ఆ కష్టం కూడా మీరనుకునే చోట లేదని నా అభిప్రాయం. నడపడం అలవాటైన పని. రోజూ పొద్దున్నే లేచి చాప ఎక్కించడమే అసలు పరీక్ష. కాలి కింద బోర్డు కుడికీ ఎడమకీ ఒరుగుతుంటుంది. మోకాళ్ల మీద కూర్చుని మాస్టు అడుగును దాని గుంటలో దింపి పిన్ను పెట్టాలి. ఉప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయిన తాడును, నీళ్లలో నాని చర్మం ఊడిన వేళ్లతో లాగి బూమ్‌కు ముడి వేయాలి. ఆ పిన్ను చెయ్యి జారి సముద్రంలో పడిందా, విడి పిన్ను లేకపోతే ఆ రోజుతో ప్రయాణం సరి. ఓడల్లో నాకు తెలిసిన మనుషులు తుపానుకు బెదిరేవాళ్లు కాదు కానీ, చిన్న వాషర్ జారిపోతే ముఖం మాడ్చుకునేవాళ్లు.

ప్రశ్న: ఇలా సముద్రం దాటిన మొదటి మనిషి ఎవరు? ఇప్పటిదాకా ఎంతమంది దాటారు? వరల్డ్ రికార్డు ఎంత?
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ‘ఎంతమంది’, ‘రికార్డు ఎంత’ అన్నవి నన్ను అడక్కు బాబూ. ఒకరికి తోడు పడవ ఉంటుంది, ఒకరికి ఉండదు. ఒకరు ఒంటరి, ఒకరు జంట. వీళ్లందరినీ ఒకే త్రాసులో ఎలా తూస్తాం? పేర్లు చెబుతాను, వాళ్లు ఎటు నుంచి ఎటు వెళ్లారో మాత్రం గమనిస్తూ చదువు.

క్రిస్టియన్ మార్తీ, ఫ్రాన్స్. వృత్తి విమానాలు నడపడం. 1982లో ఆఫ్రికా పడమటి కొసన ఉన్న డకార్ నుంచి దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా దాకా 37 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. పక్కన తోడు పడవ ఉన్నా రాత్రుళ్లు బోర్డు మీదే పడుకున్నాడు. ఆ పేరు తర్వాత ప్రపంచమంతా విన్నది, వేరే కారణానికి. 2000 జూలై 25న పారిస్‌లో టేకాఫ్ అవుతుండగా మంటలంటుకుని కూలిపోయిన కాంకార్డ్ విమానం కెప్టెన్ ఆయనే. విమానంలో ఉన్న 109 మందీ, నేల మీద నలుగురూ పోయారు. ఆ ప్రమాదం గురించి చదివిన వాళ్లలో చాలామందికి ఆయన తెరచాప బోర్డు సంగతి తెలియదు.

స్తెఫాన్ పేరోన్, ఆయనా ఫ్రాన్సే. అన్నలు బ్రూనో, లోయిక్ ఇద్దరూ పేరున్న తెరచాప నావికులు. 1986లో అలెన్ పిషవాన్ అనే మిత్రుడితో కలిసి ఇద్దరు నడిపే పొడవాటి బోర్డు మీద డకార్ నుంచి కరీబియన్ దీవి గ్వాడెలూప్ చేరాడు, 24 రోజుల్లో. మరుసటేడు, 1987లో, ఒంటరిగా న్యూయార్క్ నుంచి ఫ్రాన్సులోని లా రొషెల్ వెళ్లాడు, 46 రోజుల్లో.

తర్వాత మన ల గువెల్లో. చదివింది పశువైద్యం, పనిచేసింది చేపల పెంపకం రంగంలో. 2000లో డకార్ నుంచి మరో కరీబియన్ దీవి మార్తినీక్ దాకా 58 రోజులు. 2002లో మార్సేయ్ నుంచి ట్యునీసియాకు మధ్యధరా సముద్రం. 2003లో పసిఫిక్. 2006లో ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ నుంచి రీయూనియన్ దీవికి సుమారు 60 రోజుల్లో హిందూ మహాసముద్రం. అన్నీ ఒంటరిగానే. ఈ జాబితాలో నాకు బాగా నచ్చింది ఈవిడే. ఒకసారి దాటి పేరు తెచ్చుకుని కూర్చోలేదు, ఒక్కో సముద్రానికి మళ్లీ మొదటి నుంచి సిద్ధమైంది.

ఇప్పుడు అట్లాసు తీసి గీతలు గియ్యి. డకార్ నుంచి అమెరికా వైపు: తూర్పు నుంచి పడమరకు. పెరూలోని లీమా నుంచి తాహితీ: తూర్పు నుంచి పడమరకు. ఎక్స్‌మౌత్ నుంచి రీయూనియన్: అదీ తూర్పు నుంచి పడమరకే. ఎనిమిదో తరగతిలో బట్టీపట్టి మర్చిపోయిన వ్యాపార పవనాలు ఇవే. భూమధ్యరేఖకు రెండు పక్కలా, సుమారు 30 డిగ్రీల లోపు, ఏడాది పొడవునా తూర్పు నుంచి పడమరకు వీస్తాయి, రుతుపవనాలున్న మన సముద్రాల్లో తప్ప. కొలంబస్ వెళ్లిందీ వాటి మీదే. బోర్డు మీద వెళ్లేవాళ్లకు వేరే దిక్కు లేదు, ఎందుకంటే ఇంత బరువు మోస్తూ గాలికి ఎదురు వెళ్లడం వారానికి కూడా సాగదు.

మహాసముద్రాలు దాటిన దారుల్లో పేరోన్ 1987 దారి ఒక్కటే వేరు, పడమర నుంచి తూర్పుకు. ఆయన గాలికి ఎదురు వెళ్లాడనుకునేవు! ఇంకా ఉత్తరాన, 40 డిగ్రీలు దాటాక, గాలులు ఆ దిక్కునే వీస్తాయి. గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం కూడా అటే. కాకపోతే అక్కడ చలి, పొగమంచు, పెద్ద అలలు. ఆ 46 రోజులకు నేనిచ్చే విలువ వేరు.

దిక్కు ఒక్కటే చాలదు, నెల కూడా చూడాలి. ఉత్తర అట్లాంటిక్‌లో హరికేన్లు జూన్ నుంచి నవంబరు దాకా. కాబట్టి డకార్ వైపు నుంచి చలికాలంలో బయలుదేరతారు. దక్షిణ పసిఫిక్, దక్షిణ హిందూ మహాసముద్రాల్లో తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్. ల గువెల్లో పసిఫిక్‌లో ఆగస్టులో బయలుదేరి నవంబరు మొదట్లో చేరింది. హిందూ మహాసముద్రంలో ఏప్రిల్‌లో దిగింది. ఆ తారీఖులు యాదృచ్ఛికం కాదు.

దాటలేకపోయిన పేరు కూడా ఒకటి రాసుకో. అర్నో ద రొనే. 1979లో రష్యా, అలస్కాల మధ్యనున్న బేరింగ్ జలసంధి దాటిన మొనగాడు. 1984 నవంబరులో చైనా తీరం నుంచి తైవాన్ వైపు బోర్డు మీద బయలుదేరాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. చైనా, తైవాన్‌ల మధ్య ఆ జలసంధి వెడల్పు మహాసముద్రాలతో పోలిస్తే ఎంత? హైదరాబాద్ నుంచి వరంగల్ అంత లేదా ఇంకాస్త.

ప్రశ్న: 89 రోజులకు తాగే నీళ్లు మోసుకెళ్లడం అసాధ్యం. వాన నీళ్లు పట్టుకుంటారా? సముద్రపు నీళ్లు కొంచెం కొంచెం తాగితే అలవాటవుతుందని ఎక్కడో విన్నాను.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: విన్నది వెంటనే మర్చిపోండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మన మూత్రపిండాలు అంత గాఢమైన ఉప్పును బయటికి పంపలేవు. ఒక లీటరు తాగితే ఆ ఉప్పును కడగడానికి లీటరుకు మించి నీరు ఒంట్లోంచే పోతుంది. దాహం తీరదు, పెరుగుతుంది.

వాళ్లు చేసేది మీ వంటగదిలో జరిగేదే, ఆర్‌ఓ. మీ అపార్ట్‌మెంటులో బోరు నీళ్లకు ఆర్‌ఓ అమ్మడానికి వచ్చినతను గ్లాసులో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ముంచి ‘చూడండి సార్, ఎనిమిది వందలు!’ అని భయపెట్టి ఉంటాడు. సముద్రపు నీళ్లలో అదే లెక్క 35 వేలు. తేడా ఒత్తిడిలో ఉంది. ఇంట్లో మోటారు ఐదారు బార్ల ఒత్తిడి (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఇస్తే పొరలోంచి మంచినీళ్లు వస్తాయి. సముద్రపు నీటి సహజ ఎదురు ఒత్తిడే 27 బార్ల దాకా ఉంటుంది. దాన్ని దాటి, 50కి పైన నొక్కితేగానీ తాగడానికి సరిపడా నీళ్లు రావు. చేత్తో కొట్టే పంపులున్నాయి. అరచేతుల్లో పట్టే చిన్నదానితో గంటసేపు ఆపకుండా కొడితే లీటరుకు కొంచెం తక్కువ వస్తుంది. కాస్త పెద్దదైతే గంటకు నాలుగు లీటర్లు. ఎండలో పగలంతా నిలబడ్డ మనిషికి రోజుకు ఎన్ని కావాలో మీరే లెక్కేసుకోండి. బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి, సోలార్ పలకలతో ఛార్జింగ్. కానీ ఉప్పుగాలికి ముందు పాడయ్యేది కరెంటు సామానే. ఇంజిన్ గదిలో బతికినవాణ్ని కాబట్టి చెబుతున్నా, మోటారు పంపు ఎంత మంచిదైనా పక్కన చేతి పంపు లేకుండా నేనైతే రేవు వదలను.

ప్రశ్న: షార్క్‌లు రావా?
– ఒక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: వస్తాయి, పోతాయి. నాకు టెన్షన్ మా ఓడల గురించే. రెండు వందల మీటర్ల ఓడ బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, నిలబడి చూస్తే ముందు కొన్ని వందల మీటర్ల నీళ్లు అసలు కనబడవు, కంటైనర్లు అడ్డం. అలల మధ్య ఒక అడుగు ఎత్తున్న బోర్డు రాడార్లో అలల చుక్కల్లోనే కలిసిపోతుంది. ఒకవేళ చూసినా ఓడ ఆగడానికి రెండు మూడు కిలోమీటర్లు పట్టొచ్చు. అందుకే ఇప్పుడు వెళ్లేవాళ్లు తామున్న చోటును చుట్టుపక్కల ఓడలకు రేడియోలో చెప్పే ఏఐఎస్ పరికరం పెట్టుకుంటారు. 1982లో మార్తీకి, 1987లో పేరోన్‌కు ఆ సౌకర్యం లేదు.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది కానీ... బాత్రూమ్?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మొహమాటమెందుకమ్మా, అందరూ అడగాలనుకున్నదే. బకెట్టు. అలలు బాగా ఉన్న రోజున అది కూడా విద్యే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఫోనులో ఏవో వీడియోలు చూసి, వైజాగ్ నుంచి అండమాన్‌కు విండ్‌సర్ఫింగ్ చేస్తానంటున్నాడు. ఈత వచ్చు, కాలనీ స్విమ్మింగ్ పూల్లో. వద్దంటే అలుగుతున్నాడు. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు. మీరే ఏదైనా చెప్పండి.
– ఒక తల్లి, మెహిదీపట్నం

జవాబు: అమ్మా, వద్దని మాత్రం అనకండి. ఆ వయసులో వద్దన్న పనికే బలం ఎక్కువ. ఒక పని అప్పజెప్పండి. వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) గీత గీయమనండి. సుమారు 1,200 కిలోమీటర్లు, ఆగ్నేయ దిక్కుగా. ఇప్పుడు పన్నెండు నెలల గాలులు ఆ గీత మీద పెట్టమనండి.

ఏప్రిల్, మేలలో బంగాళాఖాతంలో తుపానులు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. గాలి జోరుగా ఉంటుంది, సముద్రం అల్లకల్లోలం, తోసేదేమో బంగ్లాదేశ్, మయన్మార్ల వైపు. అక్టోబరు నుంచి డిసెంబరు మళ్లీ తుపానులు. 1977 నవంబరులో దివిసీమను ముంచింది ఈ కాలంలోనే. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా కృష్ణా జిల్లా వైపు వాళ్లుంటే వాడికి చెప్పమనండి, వీడియోల్లో ఉండదు. ఇక మిగిలిన నెలల్లో జనవరి, ఫిబ్రవరి చూడండి. ఆకాశం బాగుంటుంది. కానీ గాలి ఈశాన్యం నుంచి, అంటే వీడికి ఎడమ పక్క నుంచి. పగలు కష్టపడి ఆగ్నేయానికి వెళ్తాడు. రాత్రి పడుకోగానే గాలి నైరుతికి, చెన్నై వైపు తోసేస్తుంది. పొద్దున్నే లేచి నిన్న పోగొట్టుకున్నది మళ్లీ సంపాదించాలి. తాహితీ వెళ్లినావిడకు నిద్రలో దూరం కలిసొచ్చింది. వీడికి నిద్రలో దూరం తరుగుతుంది. అందుకే ఆ దారి బోర్డుకు పనికిరాదు, వాడి ధైర్యం తక్కువై కాదు. ఇదంతా వాడంతట వాడే గీసి తెలుసుకుంటే అలక ఉండదు. పైగా నావిగేషన్‌లో మొదటి పాఠం అయిపోతుంది.

రెండో సంగతి. స్విమ్మింగ్ పూల్లో ఈత ఈతే, కానీ అడుగు కనబడని నీళ్లలో, బట్టలతో, లైఫ్ జాకెట్టుతో గంటసేపు ఉండటం వేరు. అది నేర్చుకోవడానికి సముద్రం దాకా వెళ్లక్కర్లేదు, ఎలాగూ మనకు దగ్గరి తీరం కూడా 300 కిలోమీటర్లు. ఇక్కడే హుస్సేన్‌సాగర్ ఉంది. 1560లలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో మంచినీళ్ల కోసం తవ్వించిన చెరువు. సంజీవయ్య పార్కు వైపు యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతుంది. జూలైలో మాన్‌సూన్ రెగట్టా పోటీలు పెడతారు. ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించండి. వానాకాలంలో పడమటి గాలి బాగా వీస్తుంది. నెక్లెస్ రోడ్డు మీద మొక్కజొన్న పొత్తు తింటూ చూసేవాళ్లకు రంగురంగుల చాపలు అందంగా ఉంటాయి, లోపల ఉన్నవాడికి మాత్రం గాలి నిమిషానికో దిక్కు మారుతుంటుంది. బుద్ధ విగ్రహం చాటుకు రాగానే ఆగిపోయి, దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. ఆ నీళ్లు మింగకూడదని కూడా చెప్పండి. ఎందుకో హైదరాబాద్ వాళ్లకు వివరించక్కర్లేదు.

ఒక రెండేళ్లు అక్కడ తడిశాక కూడా వాడికి అండమాన్ మోజు పోకపోతే నాకు మళ్లీ రాయండి. అప్పుడు వాళ్ల నాన్నగారికి చెప్పే బాధ్యత నాది.

ప్రశ్న: ఇవన్నీ తెల్లవాళ్ల సరదాలు. మనవాళ్లెవరైనా ఉన్నారా?
– వ్యాపారి, బోయిన్‌పల్లి

జవాబు: బోర్డు సంగతి వదిలేసి తెరచాప నావ అంటే, ఎందుకు లేరు సార్? అప్పటి నౌకాదళం అధికారి అభిలాష్ టామీ 2012 నవంబరులో ముంబై నుంచి ‘మాదేయి’ అనే తెరచాప నావలో ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి 2013 మార్చి చివర ముంబైకే వచ్చారు. 2018లో ఇంకో ప్రపంచయాత్ర పోటీలో తుపానుకు మాస్టు విరిగి, వెన్నెముక దెబ్బతిని, ఒక ఫ్రెంచి ఓడ కాపాడితే బయటపడ్డారు. మళ్లీ అదే పోటీకి వెళ్లి 2023లో రెండో స్థానంలో నిలిచారు.

మీ ఊరి సంగతి కూడా చెబుతా. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే 56 అడుగుల నావలో ఆరుగురు నౌకాదళ మహిళలు బయలుదేరి, 254 రోజుల తర్వాత 2018 మేలో తిరిగొచ్చారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, కేప్ టౌన్ మీదుగా. వాళ్లలో లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. లెఫ్టినెంట్ కమాండర్ పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి వచ్చిన ఇద్దరు తెలుగువాళ్లు మనకుంటే ‘తెల్లవాళ్ల సరదా’ అంటారేంటి?

ప్రశ్న: మన పులిహోర, ఆవకాయ తీసుకెళ్లొచ్చా?
– గృహిణి, వనస్థలిపురం

జవాబు: పులిహోర రెండో రోజుకు సముద్రంలోకే. ఆవకాయ నేను ఓడల్లో ఎన్నో రేవులు తిప్పాను. మూత జాడీ కన్నా స్టీలు డబ్బా మేలు, పైన నూనె తేలుతుండాలి. కానీ బోర్డు మీద వద్దు, ఉప్పు తిన్నకొద్దీ నీళ్లు కావాలి, నీళ్లు కావాలంటే పంపు కొట్టాలి. వాళ్లు నీరంతా తీసేసిన పొడి ఆహారం వేడినీళ్లలో కలుపుకుని తింటారు. మన ఇళ్లలో అయితే పేలపిండి, అటుకులు, సున్నుండలు. సున్నుండలకు నెయ్యి ధారాళంగా పడితే బరువుకు తగ్గ శక్తి, వండే పని లేదు. ఎవరైనా వెళ్తుంటే నేనే చుట్టించి పంపుతా.

ప్రశ్న: తాతయ్యా, విండ్‌సర్ఫింగ్ బోర్డుకు చుక్కాని ఉండదట కదా. మరి ఎలా తిప్పుతారు? నేను నేర్చుకోవాలంటే ఎన్నో క్లాసు దాకా ఆగాలి?
– 8వ తరగతి విద్యార్థిని, ఉప్పల్

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. నీ స్కేలు తీసి బల్ల మీద పెట్టు. మధ్యలో వేలు పెట్టి పక్కకు తోస్తే స్కేలు తిన్నగా పక్కకు జరుగుతుంది. ఒక కొస దగ్గర తోస్తే ఆ కొస తిరుగుతుంది. బోర్డూ అంతే. గాలి తోసే తోపు చాప ఉన్న చోట పడుతుంది. మామూలు పడవలో మాస్టు నిటారుగా బిగించి ఉంటుంది, కదలదు. ఇక్కడ మాస్టు అడుగున అన్ని వైపులా వంగే కీలు ఉంటుంది. అది లేకపోతే విండ్‌సర్ఫింగే లేదు. 1960లలో అమెరికాలో ఈ ఆటను తయారు చేసినవాళ్లు అసలు కనిపెట్టింది ఆ కీలునే అనుకో.

చాపను బోర్డు ముక్కు వైపు వంచితే తోపు ముందుకు జరుగుతుంది, ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది. వెనక్కి, తోక వైపు వంచితే ముక్కు గాలి వచ్చే దిక్కుకు తిరుగుతుంది. మరీ ఎదురుకు తిరిగితే చాప రెపరెపలాడి బోర్డు ఆగిపోతుంది. అందుకే గాలి వచ్చే దిక్కునే ఉన్న చోటికి వెళ్లాలంటే ఏటవాలుగా కొంత దూరం ఇటు, కొంత దూరం అటు వెళ్తూ చేరాలి.

రెండో ప్రశ్నకు: ఈత బాగా వస్తే ఆగక్కర్లేదు. నీ వయసు వాళ్లు మొదలుపెట్టేది ఆప్టిమిస్ట్ అనే పడవతో. రెండు మీటర్ల పైన ఉంటుంది, ఒక్కరే కూర్చుని నడపాలి, పదిహేనేళ్లు వచ్చేదాకా అందులో పోటీలకు వెళ్లొచ్చు. దానికి చుక్కాని ఉంటుంది. గాలి ఎటు వస్తోందో చెంపకు తెలియడం అలవాటయ్యాక బోర్డు ఎక్కు. అమ్మానాన్నల్ని అడిగి, వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లు.